చుక్క కారని అతుకు

రాయగడ మిల్లు క్వార్టర్లలో పాతకాలం వాళ్ళనెవరినైనా అడగండి, అసిరయ్య చెవి గురించి ఒక కథైనా చెబుతారు. పవర్‌హౌస్‌లో టర్బైను పక్కన నిలబడి, ఇనపకడ్డీ ఒక కొన బేరింగు మీదా రెండో కొన తన చెవికీ ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఇంజినీర్లు మీటర్లు పట్టుకుని చుట్టూ నిలబడేవారు. కాసేపటికి కళ్ళు తెరిచి, "మూడో బేరింగు దగ్గుతంది బాబూ. పది రోజులాగుతాది, పదకొండో రోజు ఆగదు" అనేవాడు. పదకొండో రోజు దాకా ఆగి చూసిన ఇంజినీరు ఒకాయన ఉండేవాడు పాపం. ఆయన తర్వాత మరెవరూ ఆగలేదు.

అవి పాముచెవులని మిల్లంతా పేరు. మిల్లులో అందరికీ చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలిచ్చేవారు. సేఫ్టీ ఆఫీసరు నెలకోసారి పేరు పేరునా పంచి సంతకాలు తీసుకునేవాడు. అసిరయ్య వాటిని ఇంటికి తీసుకొచ్చి అటక మీద పడేసేవాడు. "సెవి నా పనిముట్టు. పనిముట్టుకి గుడ్డ సుట్టి పని సేస్తారేటి ఎవులైనా?" అనేవాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఇలాంటి బాగున్న మాటలే మనిషిని ముంచుతాయి.

చెవి కాక అతనికి ఇంకో పేరుండేది, చుక్క కారని చెయ్యి అని. దానికో కారణముంది. అసిరయ్య పార్వతీపురం దాటి కొత్తగా పనిలో చేరిన రోజుల్లో లక్ష్మణుడనే మేస్త్రీ కింద ఉండేవాడు. ఒకనాడు నూనె గొట్టం అతుకు దగ్గర చుక్క చుక్కగా కారి, కింద కాగుతున్న ఆవిరి గొట్టం మీద పడింది. చుక్కే కదా అనుకున్నారు. గుప్పున మంట లేచింది. గొట్టం కట్టేయబోయిన లక్ష్మణుడి చేతులు రెండూ మోచేతుల దాకా కాలిపోయాయి. తర్వాత అతను బతికిన పన్నెండేళ్ళూ భార్య అన్నం కలిపి నోట్లో పెట్టింది. అది చూసినప్పటి నుంచీ అసిరయ్య చొక్కా జేబులో సందులు మూసే ఎర్ర పేస్టు ట్యూబు ఒకటి ఎప్పుడూ ఉండేది. ఏ అతుకైనా సరే, ముందు పేస్టు, ఆపైన మధ్యలో ఇరికించే పల్చటి గాస్కెట్టు బిళ్ళ, ఆపైన బోల్టులు. ముప్ఫై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో అతను బిగించిన అతుకు ఒక్కటీ కారలేదు.

రిటైరయ్యే ముందే చెవులు పోవడం మొదలైంది. అన్ని చప్పుళ్ళూ ఒకేసారి పోలేదు, సన్నవి ముందు పోయాయి. పిచ్చుకలు పోయాయి. సైకిలు గంట పోయింది. ఒకనాడు కుక్కరు పదకొండు కూతలు కూసి పప్పు మాడిపోతుంటే, పక్కనే పీట మీద కూర్చుని పేపరు చదువుకుంటున్న మొగుణ్ణి చూసింది గున్నమ్మ. అరవలేదు. పొయ్యి ఆపి, ఎదురుగా వచ్చి కూర్చుని, పెదాలు నెమ్మదిగా కదుపుతూ అడిగింది.

"ఎన్నాళ్ళయింది?"

"ఏటి?"

"సెవులు."

ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని అతను బతిమాలుకున్నాడు. చెవి పోయిన ఫిట్టరంటే పళ్ళూడిన పాము కింద లెక్క అని అతని భయం. అప్పట్నుంచీ ఆమే అతని చెవి. ఎవరేమన్నా, తిట్టినట్టుగా తిరిగి చెప్పేది. "ఏటయ్యా, పక్కింటాయన కుళాయొచ్చిందా అనడుగుతుంటే ఉలకవు పలకవు!" అని ఎదురుగా నిలబడి అనేది. మొగుణ్ణి నలుగురిలో దులిపేస్తుందని క్వార్టర్లలో ఆమెకి గయ్యాళి అని పేరొచ్చింది. ఆ పేరుని ఆమె సంతోషంగా మోసింది. ఆమె లేనిచోట అతనికి రెండే మాటలు ఆధారం, "ఆఁ ఆఁ" ఒకటి, "మంచిది మంచిది" ఒకటి. ఎదుటి మనిషి పెదాలందినంత వరకూ అందిపుచ్చుకుని, అందని దానికి ఈ రెండూ వాడేవాడు. లోకంలో సగం సంభాషణలకి ఈ రెండు మాటలూ సరిపోతాయి. మిగిలిన సగంతోనే చిక్కు.

మూడేళ్ళ క్రితం గున్నమ్మ పోయింది. అసిరయ్యకి చెవులు రెండోసారి పోయాయి.

వాళ్ళకి ధరణి ఒక్కతే కూతురు. కోరాపుట్‌లో రైల్వే సిగ్నల్ టెక్నీషియను. ఐటీఐలో డీజిల్ మెకానిక్ నేర్పే దేబాశిష్‌ని ఇష్టపడి చేసుకుంది. బోరిగుమ్మ ఒడియా కుర్రాడు. తెలుగు ఆమె దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి అచ్చం ఆమెలాగే శ్రీకాకుళం యాసలో, మధ్యలో అవునవునన్నట్టు ఒడియాలో "హఉ, హఉ" అంటూ మాట్లాడేవాడు. బుద్ధిమంతుడు. ఒక్కటే పిచ్చి, కార్లు. విశాఖపట్నంలో ఎవరో వాడి వదిలేసిన స్పోర్ట్స్ కారొకటి కొనుక్కొచ్చాడు. నీలం రంగు, రెండే తలుపులు, నేలకి జానెడెత్తు. మొదటిసారి చూసి గున్నమ్మ, "ఇదేటి నాయినా, కూకోవాలంటే పడుకోవాలి!" అంది. అల్లుడు పడీ పడీ నవ్వాడు.

ఆ కారులో టర్బో ఉండేది. అల్లుడు దాని గురించి మామగారికి కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ఇంజను వదిలే పొగ వేగానికి ఒక బుల్లి చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకి అవతలి కొసనున్న ఇంకో చక్రం గాలిని ఇంజనులోకి తోస్తుంది. నిమిషానికి లక్ష చుట్లకి పైన.

"మీ మిల్లు టర్బైన్ ఎంత తిరుగుద్ది మావయ్యా?"

"మూడేలు."

"సూడండి మరి. ముందొచ్చిన సెవుల కంటే ఎనకొచ్చిన కొమ్ములు వాడి!"

చెవులన్న మాట అతని పెదాల మీద కనబడగానే తన గుట్టు బయటపడిందనుకున్నాడు అసిరయ్య. సామెతే అని తెలిసి ఆలస్యంగా నవ్వాడు.

రైల్వే క్వార్టర్లు కొండ వాలు మీదుంటాయి. సాయంత్రం అయిదున్నరకి దేబాశిష్ కింద మలుపు తిరిగి ఎత్తెక్కేటప్పుడు ఆ టర్బో సన్నగా ఈల వేసేది. కారు కనబడేలోగానే ఆ ఈల వంటింట్లోకి వచ్చేది. ధరణి టీ గిన్నె పొయ్యి మీద పెట్టేది. ఏ సాయంత్రమూ ఆ ఈల తప్పలేదు, ఆమె టీ తప్పలేదు. అసిరయ్య చూడ్డానికొచ్చినప్పుడల్లా కూతురు మొహం వెలిగిపోతూ, "ఇన్నావా అయ్యా? ఒచ్చేస్తున్నాడు!" అనేది. "ఆఁ ఆఁ, ఇన్నాను" అనేవాడు. అతను ఎన్నడూ వినలేదు. పిచ్చుకలతో పాటే పోయిన చప్పుడది. కూతురు మొహంలో వెలుగు చూసి, ఈల ఎంత బాగుంటుందో ఊహించుకునేవాడు.

నిరుడు వానాకాలం కారు నీలి పొగ వదలడం మొదలెట్టింది. దేబాశిష్ గొట్టం విప్పి చక్రాన్ని వేలితో ఊపితే ఇరుసు వదులుగా ఆడింది. విశాఖలో అడిగితే టర్బో మొత్తం మార్చాలన్నారు. అక్కర్లేదు, లోపలి ఇరుసూ చక్రాలూ బేరింగులూ కలిసొచ్చే గుండెకాయ ఒక్కటి తెప్పించుకుంటే ఇంట్లోనే మార్చుకోవచ్చన్నాడు దేబాశిష్. తెప్పించమని డబ్బు కట్టేశాడు. "మావయ్యా, అదొచ్చిన ఆదివారం మీరు రావాల. మీ సెయ్యి, నా సెయ్యి" అని వీడియో కాల్‌లో మొహం దగ్గరగా పెట్టి చెప్పాడు. ఆ బుధవారం జ్వరమొచ్చింది. మలేరియా మెదడుకెక్కింది. నాలుగో రోజు మధ్యాహ్నం పోయాడు. ముప్ఫై నాలుగేళ్ళు. కొండల్లో పుట్టి పెరిగిన పిల్లాణ్ణి కొండ జ్వరమే తీసుకుపోయింది. దానికి న్యాయం ఎక్కడని అడగాలి?

ఆ మధ్యాహ్నం రాయగడలో అసిరయ్య ఫోను వణికింది. తెర మీద ధరణి పేరు. చెవికి పెట్టుకుంటే గాలి హోరులాంటిది తప్ప ఏమీ లేదు. అంతకు ముందురోజు జ్వరం తగ్గుముఖం పట్టిందని మెసేజు చూసున్నాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించేస్తున్నారని చెప్పడానికే చేసుంటుందనుకున్నాడు. అలవాటైన మాటలే అన్నాడు. ఫోను ఆగిపోయింది. మూడు నాలుగు గంటల తర్వాత దేబాశిష్ తోటి మాస్టారొకాయన జీపులో వచ్చి తలుపు దగ్గర నిలబడితే, ఆయన పెదాల మీద చూసి తెలుసుకున్నాడు. ఫోనులో నువ్వేం చెప్పావని కూతుర్ని ఏడాదిలో ఎన్నడూ అడగలేదు. లైను అప్పటికే తెగిపోయుంటుందని తనకి తాను చెప్పుకుంటూ వచ్చాడు.

పదకొండో రోజున పార్శిల్ వచ్చింది. ధరణి దాన్ని విప్పకుండానే బీరువాలో అతని చొక్కాల మధ్య పెట్టింది.

అసిరయ్య కోరాపుట్ వచ్చేసి కూతురి దగ్గరే ఉండిపోయాడు. కారు పెరట్లో టార్పాలిన్ కింద ఉండిపోయింది. ధరణి డ్యూటీకి వెళ్తుంది, వస్తుంది, చోడంబలి గిన్నెలో పోసి తండ్రి ముందు పెడుతుంది. మాట్లాడాల్సొస్తే ముందు భుజం మీద చెయ్యి వేస్తుంది, తర్వాత ఎదురుగా వచ్చి కూర్చుంటుంది, అప్పుడు నోరు తెరుస్తుంది. దుఃఖంలో పిల్ల మెత్తబడిందనుకున్నాడు అసిరయ్య. అతను రోజంతా అరుగు మీద కూర్చుని ఎదురుగా కొండనే చూసేవాడు. పని లేని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం అతనికి పుట్టి బుద్ధెరిగి అదే మొదలు.

సంవత్సరీకం పది రోజులుందనగా ఒక ఉదయం ధరణి అలాగే భుజం మీద చెయ్యి వేసి, ఎదురుగా వచ్చి కూర్చుంది. ఒళ్ళో ఆ పార్శిలుంది.

"అయ్యా, కార్యం అయిపోయాక కారు ఐటీఐకి ఇచ్చీదామనుకుంటన్నాను. పిల్లలు విప్పుకుని నేర్సుకుంటారు. ఆయన అలాగే అనీవోడు, పాతబడ్డాక పిల్లలకిచ్చీదామని. దానికి ముందర ఒక్కసారి ఆ ఈల ఇనాలనుంది. ఇది బిగించి, కింద రైలు గేటు దాకా ఎల్లి, ఆ మలుపులోంచి నువ్వు తోలుకుని రా. నాను వంటింట్లో ఉంటాను. ఒక్కసారే."

చెప్పాల్సిన సమయం ఏదైనా ఉందంటే అదే. నాకు చెవులు లేవమ్మీ, బాగైందో లేదో నాకు తెలీదు, ఇంకెవరినైనా పిలువు అనాలి. కూతురు ఏడాదిలో అడిగిన మొదటి కోరిక అది. ఆ అడగడంలో అతనికి తన పాత పేరు తిరిగొచ్చినట్టనిపించింది. "నాకు తెల్సిన పనే కదమ్మీ" అన్నాడు. బయటికెళ్ళి ఎర్ర పేస్టు ట్యూబు కొత్తది కొనుక్కొచ్చుకున్నాడు.

మూడు రోజులు పట్టింది. ధరణి సెలవు పెట్టింది. జాకీలెత్తి, కింద చెక్క దిమ్మలు పెట్టి, పాత గోనె పరుచుకుని అసిరయ్య కారు కింద దూరాడు. తుప్పుపట్టిన బోల్టులకి నూనె పట్టించి ఒక పూటంతా నాననిచ్చాడు. తొందరపడి తిప్పితే తెగిపోతాయని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. టర్బో మీద కప్పిన రేకు ఊడదీశాడు, నీళ్ళ గొట్టాలు విప్పాడు, పైనించి నూనె తెచ్చే సన్న గొట్టం, కిందికి పోయే లావు గొట్టం విప్పాడు. టర్బో బయటికొచ్చింది. కొబ్బరికాయంత ఉంది. రెండు పక్కలా రెండు నత్తగుల్లలు, మధ్యలో గుండెకాయ. విడదీసే ముందు సన్న ఉలితో మూడింటి మీదా ఒకే గీత గీశాడు, మళ్ళీ కూర్చేటప్పుడు గీతకి గీత కలవాలని. ధరణి టార్చి పట్టుకుంది, విప్పిన ప్రతి బోల్టునీ వరసగా పళ్ళెంలో పెట్టింది. చీకటి పడేవేళకి ఇద్దరి చేతులూ మసి. ఆ రాత్రి ఆమె రెండు రొట్టెలు ఎక్కువ తింది. అసిరయ్య అది చూశాడు.

రెండో రోజు పార్శిల్ విప్పారు. కొత్త గుండెకాయ అరచేతిలో పట్టింది. ముప్ఫై తొమ్మిదేళ్ళు టర్బైను కడుపులోకి దూరి పనిచేసిన మనిషి ఆ బుల్లి టర్బైనుని వేలితో తిప్పి చూశాడు. ఒక్కసారి తోస్తే మెత్తగా తిరుగుతూనే ఉంది. అల్లుడు ఉండుంటే ఇది చూసి చిన్నపిల్లాడిలా గంతులేసేవాడని తలుచుకుని అసిరయ్యకి ఏడుపొచ్చింది. మసి చేతులతో మొహం తుడుచుకుంటే మొహమంతా మసయింది. ధరణి కొంగుతో తుడిచింది.

డబ్బాలో ఒక కాగితముంది. ధరణి చదివి, ఎదురుగా వచ్చి, వేలితో చూపిస్తూ చెప్పింది. "నూనొచ్చే గొట్టం దగ్గిర పేస్టు రాయొద్దంటన్నాడు అయ్యా. ఒట్టి గాస్కెట్టే పెట్టాలట." కాగితం మీద ట్యూబు బొమ్మ, దాని మీద అడ్డంగా కొట్టివేత. అసిరయ్య చూశాడు, తల ఊపాడు. "అలాగే అమ్మీ."

మూడో రోజు మధ్యాహ్నానికి గీతకి గీత కలిపి కూర్చడం అయింది. కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు అసిరయ్య. ధరణి టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. మిగిలింది ఆ సన్న గొట్టం ఒక్కటే. దాని పక్కనే, నాలుగు వేళ్ళ దూరంలో, ఇంజను పొగ గొట్టం. ఎత్తెక్కేటప్పుడు అది ఎర్రగా కాలుతుంది. పైన నూనె, కింద ఎర్రటి ఇనుము. అసిరయ్యకి లక్ష్మణుడి చేతులు కనబడ్డాయి. కారు ఆగగానే కూతురు పరిగెత్తుకొచ్చి దీని మీద చెయ్యేస్తుంది. చుక్క కారిందంటే! కాగితం రాసినవాడు ఏ రోజైనా టర్బైను కింద పడుకున్నాడా? మంటని చూశాడా? వాడికో కూతురుందా?

జేబులోంచి ట్యూబు తీశాడు. ఎక్కువ రాయలేదు, కంటికి కాటుకంత. గాస్కెట్టుకి రెండు వైపులా వేలితో సమంగా పులిమి, బిగించాడు. ఆ నూనె కన్నం బియ్యపు గింజంత ఉంటుంది. ముప్ఫై తొమ్మిదేళ్ళు అతను బిగించిన గొట్టాలు చెయ్యి పట్టేవి, కాటుకంత పేస్టు లోపలికి పొంగితే వాటికి ఏమీ కాదు. బియ్యపు గింజంత దానికి అవుతుందని ఆ చేతికి తెలీదు. కాగితానికి తెలుసు.

సాయంత్రం కారుని జాకీల మీంచి దించారు. ముందు నిప్పు పడకుండా ఇంజనుని ఊరికే నాలుగుసార్లు తిప్పాడు, నూనె పారడానికి. తర్వాత స్టార్టు చేశాడు. పొడవాటి స్క్రూడ్రైవరు కొన టర్బో మీద, పిడి తన చెవికి. కళ్ళు మూసుకున్నాడు. దవడ ఎముకలో ఇంజను గురగుర మాత్రం తెలిసింది. అయినా కళ్ళు తెరిచి నవ్వాడు.

"పాలు తాగిన పిల్లలాగ పడుకుంది అమ్మీ. ఏ గొడవా నేదు."

అప్పటికి అది నిజమే. బిగించే ముందు అతను చేత్తో పోసిన నూనె ఇంకా లోపలుంది.

కారు తీసి రైలు గేటు దాకా వెళ్ళి తిరిగాడు. అయిదున్నర కావొస్తోంది. ఆ టైముకే రమ్మంది ధరణి. మలుపు తిరిగి, ఆమె చెప్పినట్టే, ఎత్తు మీద ఎక్సలేటరు నొక్కాడు. సీటు వీపుని ముందుకి తోసింది. ఇది కదా అల్లుడి సంతోషం అనుకున్నాడు. వీధి కుక్క ఒకటి తోక కాళ్ళ మధ్య పెట్టుకుని తుప్పల్లోకి పరిగెత్తింది. పక్క క్వార్టరు అరుగు మీద కమలాంబగారు బియ్యం ఏరుకుంటోంది. చేట వదిలేసి రెండు చెవులూ మూసుకుంది. ఏడాది తర్వాత కారు తిరుగుతుంటే జనం ఆశ్చర్యపోరూ అనుకున్నాడు అసిరయ్య. అద్దంలో కొంచెం నీలి పొగ కనబడింది. కొత్త నూనె కాలుతోందనుకున్నాడు. మనిషి అనుకోదలుచుకుంటే అన్నిటికీ సమాధానం దొరుకుతుంది.

ధరణి వంటింట్లో లేదు. గుమ్మం బయట నిలబడి ఉంది. చేతిలో టీ గిన్నె ఖాళీది. అసిరయ్య కారాపి దిగి, ఆమె మొహంలోకి చూశాడు. ఆ పాత వెలుగు కోసం వెతికాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. కళ్ళ నిండా నీళ్ళు.

"అదేనా అమ్మీ? అదే ఈలేనా?"

ఆమె గిన్నె కింద పెట్టి, తండ్రి భుజం మీద చెయ్యి వేసి, ఎదురుగా నిలబడి పెదాలు నెమ్మదిగా కదిపింది.

"అదే అయ్యా. అచ్చం అదే."

ఆ రాత్రి అసిరయ్య ఏడాదిలో మొదటిసారి హాయిగా నిద్రపోయాడు.

పొద్దున్నే లేచి, ఏ పని చేసినా మర్నాడు చేసే పనే చేశాడు. కారుని మళ్ళీ జాకీలకెత్తి, టార్చి పట్టుకుని కింద దూరి, అతుకులన్నీ గుడ్డతో తుడిచి చూశాడు. ఎక్కడా చుక్క లేదు. నూనె గొట్టం దగ్గర వేలు పెట్టి తడిమాడు. పొడి. ముప్ఫై తొమ్మిదేళ్ళ గర్వం ఒక్కసారి ఒళ్ళంతా పాకింది. అదే ఊపులో గాలి గొట్టం ఊడదీసి, చక్రాన్ని వేలితో తోశాడు, మెత్తగా తిరగడం ఇంకోసారి చూద్దామని.

చక్రం కదల్లేదు.

ఇంకొంచెం బలంగా తోశాడు. గరగరలాడుతూ పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. రెక్కల అంచులు అరిగి, పక్కగోడకి గీసుకున్న చారలు కనబడ్డాయి. అసిరయ్య సన్న గొట్టం బోల్టులు విప్పాడు. గాస్కెట్టు కింద, బియ్యపు గింజంత కన్నానికి అడ్డంగా, ఎర్రటి పొర. గోటితో లాగితే రబ్బరులా సాగి ఊడొచ్చింది. వెనక ఇరుసు నీలంగా మాడి ఉంది. నూనె అందక, ఎండిపోయి, నిమిషానికి లక్ష చుట్లు తిరిగిన ఇరుసు ఏ చప్పుడు చేస్తుందో అసిరయ్యకి తెలియకపోదు. ఎండిన బేరింగు కేక అతను వయసులో ఉన్నప్పుడు విన్నాడు. పవర్‌హౌస్ వదిలి జనం పరిగెత్తే కేక అది. కుక్క పారిపోయింది దానికి. కమలాంబగారు చెవులు మూసుకుంది దానికి. కూతురు గుమ్మంలో నిలబడి, ఏడాది ఎదురుచూసి, విన్నది దాన్ని.

అయినా అదే అంది.

అతను కారు కింద నుంచి లేవలేదు. ఎంతసేపలా ఉన్నాడో. కాలి మీద చెయ్యి పడింది. ధరణి గోనె మీద వంగి చూసింది. అతని వేళ్ళ మధ్య ఎర్ర పొర చూసింది. అతను బయటికి పాకి వచ్చి, కారు చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

"నాశనం సేసేసేను అమ్మీ. ఆడు కొన్న ఆఖరి వస్తువు. ఒద్దని కాయితంలో ఉన్నా పేస్టు రాసేను. మంట లేస్తాదేమోనని, నీకేటవుద్దోనని." ఎర్ర పొరని నేల మీద పెట్టాడు. "ఇంకోటి సెప్పాల నీకు. నాకు సెవులు ఇనపడవు. ఏడేళ్ళు దాటింది. మీయమ్మకి తప్ప ఎవులికీ తెల్దు. నిన్న ఏ సప్పుడొచ్చిందో నాకు తెల్దు."

ధరణి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తెలుసు అయ్యా."

"ఎప్పట్నించి?"

ఆమె పళ్ళెంలో మిగిలిన బోల్టు ఒకటి తీసి చీరకి తుడిచింది. తర్వాత అతనికి కనబడేలా తలెత్తింది.

"ఆసుపత్రి నించి ఫోన్ సేసేను కదా. ఆయన పోయేడని సెప్పేను. మూడు మాట్లు సెప్పేను, అరిసేను. నువ్వు మంచిదమ్మీ, మంచిది అన్నావు."

అసిరయ్య రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. లైను తెగలేదు. ఏడాదిపాటు తెగిందనుకున్న లైను తెగలేదు. ఆమె అతని చేతులు తప్పించి, మొహం తన వైపు తిప్పుకుంది.

"కోపమొచ్చింది, రానేదని అబద్ధమాడను. తరవాత అనుకున్నాను, కన్నతండ్రి ఆ మాట అనడు, ఈయనకి ఇనిపించనేదని. ఆయన దినాలప్పుడు నిన్నే సూస్తూ కూకున్నాను. సెంబు పడితే తిరగనేదు. ఎనక నించి పిలిస్తే పలకనేదు."

"తెల్సీ నా సేతికెలా ఇచ్చేవు అమ్మీ దాన్ని?"

"రోజంతా అరుగు మీద కొండని సూస్తూ కూకుంటావు. నువ్వు కూడా పోతావేమోనని బయమేసింది. నీ సేతికియ్యడానికి నా దగ్గిర ఇంకేటుంది?"

అసిరయ్య ఏడ్చాడు. మగవాడిననీ, వీధి చూస్తుందనీ అనుకోకుండా, బావురుమని ఏడ్చాడు. ఎంత గట్టిగా ఏడుస్తున్నాడో అతనికి తెలీదు. కమలాంబగారు గోడ మీంచి తొంగి చూసి, లోపలికెళ్ళిపోయింది. ఇంకో గుండెకాయ తెప్పిస్తే దొరకదని కాదు. దేబాశిష్ కొన్నది అదొక్కటే. అది ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఏడుపు తగ్గాక అతను అడిగాడు.

"ఎలాగుండీది అమ్మీ ఆ ఈల? నాను ఒక్కనాడూ ఇనలేదు. ఇన్నానని నీతో అబద్ధమే సెప్పేను."

ధరణి పెదాలు సున్నాలా చుట్టింది. మసి పట్టిన తండ్రి చెయ్యి తీసుకుని తన నోటి దగ్గర పెట్టుకుంది. ముందు మెల్లిగా, తర్వాత ఎత్తెక్కుతున్నట్టు పెంచుకుంటూ, మలుపు తిరిగేదాకా, ఇంటి ముందుకొచ్చేదాకా ఊదింది. వేళ్ళ మీద సన్నటి గాలి తగిలింది. చల్లగా వచ్చింది, కొంచెం పెరిగింది, ఆగిపోయింది.

ఇన్నావా అని ఆమె అడగలేదు. ఆఁ ఆఁ అని అతను అనలేదు.